కత్తెర పడకముందే: మన ఫొటో మీద, మన జుట్టుతోనే కొత్త హెయిర్‌కట్ చూసుకోవడం ఎలా?

నడుం దాటిన జడను గడ్డం దాకా కత్తిరించేస్తానని మా మేనకోడలు అన్న రోజున ఇంట్లో తలా ఒక మాట అన్నారు. మా అమ్మ ఆ పూట సరిగ్గా అన్నం కూడా తినలేదు. పిల్ల మాత్రం ఫోన్‌లో ఏదో యాప్ తెరిచి, తన ముఖానికి బాబ్ కట్ తగిలించి, "బాగుంది కదా అత్తా?" అని చూపించింది. బాగానే ఉంది. కానీ ఆ బొమ్మలో ఉన్నది తన జుట్టు కాదు. ఎవరిదో సాపుగా జారే జుట్టు, రెండింతలు ఒత్తు. మా పిల్లది అలలు తిరిగే జుట్టు, కణతల దగ్గర కాస్త పలచన, నుదుటి పైన ఎడమ పక్క ఒక సుడి. ఈ మూడింట్లో ఒక్కటీ ఆ యాప్‌కి తెలియదు. పార్లర్‌లో కత్తెర పట్టుకున్న మనిషికి మాత్రం ముందు ఎదురయ్యేవి ఇవే.

ఆ శని, ఆదివారాలు ఇద్దరం కంప్యూటర్ ముందు కూర్చున్నాం. వేరేవాళ్ల జుట్టు ఒక్క పోగు కూడా తీసుకోకుండా, తన జుట్టుతోనే ప్రివ్యూ తయారుచేశాం. ఆ పద్ధతే వరసగా రాస్తున్నాను.

మేం వాడింది గింప్ అనే, ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్. ఉచితంగా దొరుకుతుంది, విండోస్‌లోనూ మ్యాక్‌లోనూ లినక్స్‌లోనూ పనిచేస్తుంది. 2025 మార్చిలో దీని 3.0 వెర్షన్ వచ్చింది. మీ దగ్గర పాత 2.10 ఉన్నా ఇక్కడ చెప్పేవన్నీ చేయొచ్చు. ఫొటోషాప్ అలవాటున్నవాళ్లకు ఇవే పనిముట్లు అందులోనూ ఉన్నాయి, పేర్లు అక్కడక్కడా మారతాయంతే. మౌస్ చాలు. దానితో పాటు దర్జీ టేపు ఒకటి దగ్గర పెట్టుకోండి, అది చాలా ముఖ్యం.

మెట్టు 1: ఫొటోలు

సగం పని ఇక్కడే అయిపోతుంది. ఇక్కడ తొందరపడితే తర్వాత గంటలకొద్దీ దిద్దుకోవాలి.

సెల్ఫీ పనికిరాదు. 30 సెంటీమీటర్ల దూరం నుంచి తీసిన సెల్ఫీలో ముక్కు వెడల్పు, మీటరున్నర దూరం నుంచి తీసినదాని కన్నా దాదాపు 30 శాతం ఎక్కువగా కనిపిస్తుంది. చెవులు, పక్కజుట్టు వెనక్కి పోతాయి. అలాంటి ముఖం మీద ఏ కట్ వేసి చూసినా తప్పుడు తీర్పే వస్తుంది. పైగా చాలా ఫోన్ల ముందు కెమెరా అద్దంలోలాగా బొమ్మను తిప్పేస్తుంది, పాపిడి కుడి నుంచి ఎడమకు మారిపోతుంది. కాబట్టి వెనక కెమెరా వాడండి. ఫోన్‌ను కళ్ల ఎత్తులో ఏదైనా ఆధారానికి ఆనించి, మీటరున్నర నుంచి రెండు మీటర్ల దూరంలో పెట్టి, రెండింతల జూమ్‌తో, టైమర్ పెట్టి తీయండి. బ్యూటీ మోడ్ తీసేయండి. పోర్ట్రెయిట్ మోడ్ కూడా వద్దు. అది జుట్టు అంచుల్ని అలికేస్తుంది, మనకు కావలసింది ఆ అంచులే.

తెల్ల గోడ ముందు కుర్చీ వేసి, దాని కాళ్ల దగ్గర నేల మీద టేపు ముక్కలు అంటించండి. కిటికీ ఒక పక్కన ఉండాలి, నడినెత్తిన బల్బు వెలగకూడదు. నల్లజుట్టు, తెల్లగోడ: ఈ జంట మనకు పెద్ద వరం. ఎందుకో ముంగురుల దగ్గర చెబుతాను. కళ్లజోడు రోజూ పెట్టుకునేవాళ్లు పెట్టుకునే కూర్చోవాలి. మెడ, భుజాల పైభాగం కనిపించే బట్టలు వేసుకోండి.

ఇప్పుడు కుర్చీ, ఫోన్, వెలుతురు ఏవీ కదలకుండా మూడు ఫొటోలు తీయాలి. మొదటిది, జుట్టు విరబోసుకుని. రెండోది, జుట్టంతా తడిపి, బిగించి వెనక్కి దువ్వి, చెవులు, మెడ, దవడ పూర్తిగా కనిపించేలా వెనక ముడి వేసి. మూడోది, జుట్టును లోపలికి మడిచి పిన్నులు పెట్టి, మీరు అనుకుంటున్న పొడవులో వేలాడేటట్టు చేసి. మూడోది ఎంత వికారంగా వచ్చినా ఫర్వాలేదు, ఒత్తు ఎంత ఉంటుందో చెప్పడానికే అది. వీలైతే పక్క నుంచి కూడా ఈ మూడూ తీయండి.

రెండో ఫొటో ఎందుకంటే, పొడవు జుట్టును బొమ్మలో కత్తిరించినప్పుడు దాని వెనక ఉన్న మెడ, భుజం ఎక్కడి నుంచి వస్తాయి? మొదట నేను క్లోన్ పనిముట్టుతో (బొమ్మలో ఒక చోటి రంగును ఇంకో చోటికి నకలు చేసేది) చెంప చర్మాన్ని మెడ మీదికి అద్దాను. రెండు గంటలు పోయాయి, మెడ మట్టిబొమ్మ మెడలా తయారైంది. ముడి వేసుకున్న ఫొటో కింద పరిస్తే అసలు మెడే కనిపిస్తుంది, గీయాల్సిన పనే లేదు.

మెట్టు 2: టేపు కొలతను పిక్సెళ్లలోకి మార్చడం

నుదుటి మీద జుట్టు మొదలయ్యే చోటు నుంచి గడ్డం కొస దాకా టేపుతో కొలవండి. మా పిల్లకు 18 సెంటీమీటర్లు వచ్చింది. గింప్‌లో మెజర్ పనిముట్టు (షిఫ్ట్, ఎం) తీసుకుని ఫొటోలో అదే దూరం గీస్తే 1260 పిక్సెళ్లు (బొమ్మ అంతా ఈ చిన్న చుక్కలతోనే తయారవుతుంది). అంటే సెంటీమీటరుకు 70. ఇక నుంచి "గడ్డం కింద 5 సెంటీమీటర్లు" అంటే బొమ్మలో 350 పిక్సెళ్లు కిందికి. ఈ లెక్క ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. పార్లర్‌లో "ఇంత" అని వేళ్లతో చూపించడం కన్నా సెంటీమీటర్లలో చెప్పడం ఎంత మేలో చివర్లో తెలుస్తుంది.

ఇదే లెక్క ఇంకో సంగతి కూడా చెబుతుంది. మనిషి వెంట్రుక మందం సుమారు 0.05 నుంచి 0.1 మిల్లీమీటరు. మా బొమ్మలో ఒక పిక్సెల్ 0.14 మిల్లీమీటరు. అంటే వెంట్రుక పిక్సెల్ కన్నా సన్నం. అంచు దగ్గర ప్రతి పిక్సెల్‌లోనూ కొంత జుట్టు, కొంత గోడ కలిసిపోయి ఉంటాయి. జుట్టును కత్తెరతో కాగితం కోసినట్టు చుట్టూ ఎంపిక చేసి తీస్తే విగ్గులా కనిపించేది ఇందుకే.

మెట్టు 3: పొడవు తగ్గించడం

రెండో ఫొటో (ముడి) తెరవండి. దాని మీద లేయర్‌గా, అంటే పైన పరిచిన పొరలాగా, మొదటి ఫొటో (విరబోసిన జుట్టు) తెచ్చుకోండి. ఫైల్ మెనూలో ఓపెన్ యాజ్ లేయర్స్ అని ఉంటుంది. పై లేయర్ ఒపాసిటీ (ఎంత చిక్కగా కనిపించాలో చెప్పే అంకె) 50కి తగ్గించి, యూనిఫైడ్ ట్రాన్స్‌ఫామ్ (షిఫ్ట్, టి) తో కళ్లు, ముక్కుపుడక, గడ్డం ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చునేటట్టు జరపండి. తల పిసరంత వాలినా ఇక్కడ సరిచేసుకోవచ్చు. అయ్యాక ఒపాసిటీ మళ్లీ 100.

ఇప్పుడు పై లేయర్‌కు మాస్క్ తగిలించండి: లేయర్ మెనూ, మాస్క్, యాడ్ లేయర్ మాస్క్, తెలుపు. మాస్క్ మీద నల్లరంగు పూస్తే ఆ చోట పై ఫొటో మాయమై కిందిది కనిపిస్తుంది, తెలుపు పూస్తే తిరిగి వస్తుంది. ఏదీ చెరిగిపోదు, అందుకే భయం లేకుండా ప్రయత్నించొచ్చు. ఎరేజర్ జోలికి మాత్రం వెళ్లొద్దు.

గడ్డం గీతకు కింద, మనం కొలిచిన చోటు నుంచి, మెత్తటి పెద్ద బ్రష్‌తో నలుపు పూసుకుంటూ రండి. జడ భుజాల మీద నుంచి మాయమై, అసలు మెడ, అసలు భుజం బయటికొస్తాయి. మా పిల్ల ఆ క్షణంలో కాసేపు మాట్లాడలేదు. చిన్నప్పటి నుంచి తనను తాను పొట్టి జుట్టుతో చూసుకోలేదు మరి.

తర్వాత అంచు. ఏ కట్‌లోనూ కొసలు గీత గీసినట్టు ఉండవు. బ్రష్ సైజు 2, 3 పిక్సెళ్లకు తగ్గించి, మాస్క్ మీదే జుట్టు పడే దిశలో కింది నుంచి పైకి చిన్న చిన్న నల్ల విసుర్లు, పైనుంచి కిందికి తెల్ల విసుర్లు వేయండి. కొన్ని పొడుగ్గా, కొన్ని పొట్టిగా. పది నిమిషాలు ఓపిక పడితే చాలు.

నీడ లేకపోతే నమ్మకం కుదరదు

ఇది విడిగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది వదిలేసేది ఇదే. జుట్టు కొసలు మెడ మీద, దవడ కింద నీడ వేస్తాయి. రెండు ఫొటోల మధ్య కొత్త లేయర్ ఒకటి పెట్టి, దాని మోడ్ (కింది లేయర్‌తో కలిసే తీరు) మల్టిప్లై చేసి, ముదురు గోధుమరంగుతో కిటికీకి ఎదురు పక్క మెడ మీద కాస్త పూయండి. అంచులు మసకబారేలా గాసియన్ బ్లర్ ఇచ్చి, ఒపాసిటీ 25, 30 దగ్గర ఆపండి. నీడకు నలుపు వాడకండి. చర్మం మీద పడే నీడలో ఎరుపుదనం ఉంటుంది, నలుపు వేస్తే మసి అంటినట్టు కనిపిస్తుంది.

మెట్టు 4: అలలు, ఒత్తు

పొడవు జుట్టు తన బరువుతోనే సాగి ఉంటుంది. కత్తిరిస్తే బరువు పోతుంది, అలలున్న జుట్టు పైకి లేస్తుంది, పక్కలకు విచ్చుకుంటుంది. బొమ్మలో పొడవు మాత్రమే తగ్గించి ఆగితే ఇది కనపడదు. పొట్టి జుట్టు తెచ్చుకున్నాక బాధపడేవాళ్లలో చాలామందికి జరిగేది ఇదే: పొడవు అనుకున్నంతే ఉంటుంది, ఆకారం వేరే ఉంటుంది.

ఎంత లేస్తుందో ఇంట్లోనే కొలవొచ్చు. తలస్నానం చేశాక ఒక పాయను తడిగా, లాగి పట్టుకుని కొలవండి. గాలికి ఆరనిచ్చి, లాగకుండా మళ్లీ కొలవండి. మా పిల్ల పాయ తడిగా 30, ఆరాక 26. పైగా ఆ పాయకు ఇంకా పూర్తి పొడవు బరువు ఉంది. కాబట్టి పార్లర్‌లో తడి జుట్టును గడ్డం దగ్గర కోస్తే ఆరాక అది గడ్డం పైకే పోతుంది.

బొమ్మలో దీన్ని చూపించడానికి వార్ప్ ట్రాన్స్‌ఫామ్ (డబ్ల్యూ) వాడాలి. జుట్టు లేయర్‌కు ఒక నకలు తీసి, దాని మీదే పనిచేయండి. మూవ్ పిక్సెల్స్ ఎంచుకుని, పెద్ద బ్రష్‌తో దవడ పక్క జుట్టును బయటికి కొద్దికొద్దిగా తోయండి. ఎంత తోయాలో మూడో ఫొటో, అదే పిన్నులు పెట్టినది, పక్కన తెరిచి చూసుకోండి. మాకు రెండు వైపులా సెంటీమీటరు పైచిలుకు, అంటే 80 పిక్సెళ్ల దాకా తోయాల్సి వచ్చింది. ఈ లేయర్‌లో ముఖం కూడా ఉంటుంది కాబట్టి బ్రష్ చెంప మీదికి వెళ్తే చెంప కూడా కదిలిపోతుంది. అందుకని ముందే మాస్క్‌లో ముఖాన్ని నల్లగా పూసి, ముఖం కింది ఫొటోలోదే కనిపించేటట్టు చేసుకోండి.

ఈ మెట్టు అయ్యాక మా బొమ్మ మారిపోయింది. యాప్‌లో అంత ముద్దుగా ఉన్న గడ్డం బాబ్, మా పిల్ల అలలతో దవడ దగ్గర వెడల్పుగా తేలింది. "అత్తా, ఇది నేనే" అంది. నచ్చలేదు, కానీ నమ్మింది. మాస్క్‌ను కిందికి జరిపి మెడ ఎముకల దాకా పెడితే ముఖం కోలగా, హాయిగా కనిపించింది.

ముంగురులు కావాలంటే

నుదుటి మీద ముంగురులకు కూడా మీ జడ కొసే వాడండి. కొసను విప్పి, అదే కిటికీ వెలుగులో, తెల్లకాగితం ముందు పట్టుకుని ఫొటో తీయండి. వెలుగునీడలు సరిచేసే కర్వ్స్ పనిముట్టుతో కాగితాన్ని పూర్తి తెలుపుకు తెచ్చి, నుదుటి మీద లేయర్‌గా పెట్టి, మోడ్ మల్టిప్లై చేయండి. మల్టిప్లై అంటే నిజంగా గుణించడమే. తెలుపు అంటే 1, దేనితో గుణించినా అది అలాగే ఉంటుంది. అంటే కాగితం దానంతటదే మాయమవుతుంది, ఒక్కో వెంట్రుకా నిలుస్తుంది. ఇందాక వరం అన్నది దీన్నే. రాగిరంగు, బంగారురంగు జుట్టువాళ్లకు ఇది ఇంత తేలిగ్గా కుదరదు.

ఒక చిక్కు ఉంది: మల్టిప్లైలో జుట్టు మెరుపులోంచి చర్మం రంగు కనిపిస్తుంది. దానికి ఆ లేయర్‌కే నకలు తీసి, పైన మామూలు మోడ్‌లో పెట్టి, మాస్క్‌తో పాయ మధ్యభాగం మాత్రమే ఉంచండి. అంచులు కింది లేయర్ చూసుకుంటుంది.

సుడి ఉన్నవాళ్లు ఇక్కడ నిజాయితీగా ఉండాలి. జుట్టు తడిపి, నుదుటి మీదికి దువ్వి, ముట్టుకోకుండా ఆరనివ్వండి. సుడి దగ్గర ఎక్కడ చీలుతుందో అక్కడే బొమ్మలోనూ చీల్చండి. మేం అలా చేసి చూశాక ముంగురుల ఆలోచన మానుకుంది పిల్ల.

రంగు

హెచ్‌ఎస్‌ఎల్ కలర్ మోడ్‌లో ఒక లేయర్ పెట్టి గోధుమరంగు పూసి చూడండి. నల్లజుట్టు మీద దాదాపు ఏమీ మారదు. ఆ మోడ్ రంగునే మారుస్తుంది, వెలుగును ముట్టుకోదు. నలుపులో వెలుగే లేదు. రంగు కనిపించాలంటే ముందు కర్వ్స్‌తో జుట్టును లేతగా చేయాలి. పార్లర్‌లోనూ ఇదే: బాగా లేత రంగు రావాలంటే ముందు బ్లీచ్ చేసి జుట్టులోని నలుపు తీయాలి. కర్వ్స్‌ను మీరు ఎంత పైకి లాగారో, మీ జుట్టు అంత బ్లీచ్ భరించాలని అర్థం. బొమ్మలో అది ఒక్క లాగుడు. నిజంగా అయితే జుట్టు బలం తగ్గుతుంది, ప్రతి నెలా కుదుళ్ల దగ్గర సెంటీమీటరుకు పైగా నల్లగా బయటికొస్తుంది.

గోరింటాకు సంగతి దీనికి ఉల్టా. అది ఉన్నదాని మీద ఎరుపు కలుపుతుందే కానీ నలుపును తీయదు. దానికి సరైన మోడ్ మల్టిప్లై. నెరిసిన వెంట్రుకల మీద నారింజ ఎరుపు పూస్తే తెల్లవి మాత్రమే రంగెక్కుతాయి, నల్లవి నల్లగానే ఉంటాయి. నిజం గోరింటాకు చేసేదీ అచ్చం అంతే. మా వదినకు ఇది చేసి చూపిస్తే, నెల రోజులుగా వాయిదా వేస్తున్న నిర్ణయం పది నిమిషాల్లో తీసుకుంది.

మెరుపులకు మాత్రం రంగు పూయకండి. వెంట్రుక పైపొర మీద పడి వెనక్కి వచ్చే వెలుగు తెల్లగానే ఉంటుంది. లోపలికి వెళ్లి తిరిగి వచ్చే వెలుగుకే జుట్టు రంగు అంటుతుంది. 2003లో పరిశోధకుడు స్టీవ్ మార్ష్నర్ బృందం ఈ రెండు మెరుపుల్నీ కొలిచి చెప్పాక, కంప్యూటర్ గ్రాఫిక్స్‌లో జుట్టును చూపించే తీరే మారింది. మన స్థాయికి దాని సారం ఇంతే: అన్నిటికన్నా తెల్లగా మెరిసే చోట మాస్క్‌తో రంగు తగ్గించండి.

గుండు ఎలా ఉంటుందో చూడాలంటే

తిరుపతి మొక్కు ఉన్నవాళ్లు అడుగుతుంటారు. కీమో మొదలవబోతున్నవాళ్లు కూడా అడుగుతారు, వాళ్లు అడిగితే పక్కన కూర్చుని నెమ్మదిగా చేయండి. తడిపి బిగించి దువ్విన రెండో ఫొటోలో తల ఆకారం దాదాపు తెలిసిపోతుంది. ఆ గీతకు ఒక అర సెంటీమీటరు లోపలికి తల అంచు వేసుకుని, నుదుటి చర్మాన్ని క్లోన్‌తో పైకి తీసుకెళ్లండి. ఎండ తగలని చర్మం కాబట్టి ముఖం కన్నా కాస్త లేతగా, కొద్దిగా బూడిదరంగు కలిపి ఉంచాలి. వెలుతురు కిటికీ పక్కన ఎక్కువ, ఎదురు పక్క తక్కువ. జుట్టు నెలకు సుమారు ఒకటింబావు సెంటీమీటరు పెరుగుతుంది కదా, మూడు నెలల తర్వాతి బొమ్మ కూడా ఒకటి చేసి ఇవ్వండి. నా అనుభవంలో వాళ్లకు ధైర్యమిచ్చేది ఆ రెండో బొమ్మే.

ఏఐతో చేస్తే?

చేయొచ్చు, కానీ పగ్గం మన చేతిలో ఉండాలి. వాక్యం రాస్తే బొమ్మ ఇచ్చే ఏఐలు జుట్టుతో పాటు ముఖాన్నీ మళ్లీ గీసేస్తాయి. బొట్టు మాయమైందా, ముక్కుపుడక పక్క మారిందా, చామనఛాయ తెల్లబడిందా, దవడ సన్నబడిందా చూడండి. ఇందులో ఏ ఒక్కటి జరిగినా ఆ బొమ్మ చూసి నిర్ణయం తీసుకోవద్దు. ముఖాన్ని ముట్టకుండా జుట్టు చోటు మాత్రమే మార్చే ఏర్పాటు ఉంటే అదే వాడండి. వచ్చిన బొమ్మను గింప్‌లో మీ ఫొటో మీద లేయర్‌గా పెట్టి, మాస్క్‌తో మీ ముఖాన్ని అలాగే ఉంచుకుని, ఏఐ బొమ్మలోంచి జుట్టు మాత్రం తీసుకోండి. అప్పుడు కూడా ఒత్తును మూడో ఫొటోతో పోల్చి తగ్గించాల్సి వస్తుంది.

ఫొటో మన ఫోన్ దాటి ఎక్కడికి వెళ్తుందో తెలియని యాప్‌లో పిల్లల ఫొటోలు, అడగకుండా ఇంకొకరి ఫొటోలు ఎక్కించకండి.

పార్లర్‌కు వెళ్లేముందు

ఫైల్‌ను గింప్ సొంత ఫార్మాట్ అయిన ఎక్స్‌సీఎఫ్‌గా దాచుకోండి, లేయర్లు అలాగే ఉంటాయి. చూడటానికి ఎక్స్‌పోర్ట్ చేసిన బొమ్మలు మూడు పొడవుల్లో ఉండాలి. ఒక్కోదాన్ని అద్దంలోలాగా తిప్పి కూడా చూడండి. మన ముఖం మనకు అలవాటైంది అద్దంలోనే, ఎదుటివాళ్లకు కాదు. చేసిన రోజే తేల్చుకోకండి, ఒక రాత్రి గడవనివ్వండి.

పార్లర్‌కు ప్రివ్యూ ఒక్కటే తీసుకెళ్తే చాలదు. విరబోసిన ఫొటో, తడిపి ముడివేసిన ఫొటో కూడా చూపించండి. "మెడ ఎముక దాకా, గడ్డం కింద 9 సెంటీమీటర్లు, ఆరాక ఇంత ఉండాలి. తడి నుంచి ఆరేసరికి 30కి 4 తగ్గుతుంది. సుడి ఎడమ పక్క." మా పిల్ల ఈ నాలుగు ముక్కలే చెప్పింది. పార్లర్ ఆవిడ కత్తెర పక్కన పెట్టి, ముందు జుట్టంతా ఆరబెట్టి, ఆరిన జుట్టునే కోసింది.

ఆఖరి మెట్టు, రెండు వారాల తర్వాత. అదే కుర్చీ, అదే టేపు గుర్తు, అదే కిటికీ. కొత్త ఫొటోను పాత ఎక్స్‌సీఎఫ్ ఫైల్లో పైన పెట్టి, ఒపాసిటీ సగానికి దించండి. ఎక్కడ మన అంచనా తప్పిందో కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. మాకు కుడి పక్క సరిగ్గా సరిపోయింది. ఎడమ పక్క, సుడి కింద, సెంటీమీటరు పైకి లేచింది. ఆ సంగతి ఫైల్ పేరులోనే రాసి దాచాను, వచ్చేసారికి.